అంచు తెలిసిన ఆట

పైడిరాజు గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతుండగా లోపలి గదిలోంచి భార్య నవ్వు వినిపించింది.

అది మామూలు నవ్వు కాదు. ఎవరో కవ్విస్తే ఉక్రోషం తెచ్చుకుని, చివరికి తనే ఓడిపోయి నవ్వే నవ్వు. "ఓరి నీ దుంప తెగ! ఒడ్డు దాకా రానిచ్చి ముంచావు కదరా!" అంటోంది సత్యవేణి. పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో ఆవిడ తనను ఒక్కసారైనా అంత చనువుగా తిట్టిన గుర్తు పైడిరాజుకు లేదు.

తలుపు దగ్గర ఆగి చూశాడు. ఆమె నుదుటికి పల్చటి పట్టీ ఉంది. కుడిచేతికి సన్నటి తీగలున్న గ్లోవ్ ఉంది. ఎదుట తెర మీద నది, నదిలో తెప్ప. ఆమె వేళ్లు ముడిస్తే తెప్ప ఎదురెక్కుతోంది, చాస్తే వాలుకు జారుతోంది. అలికిడికి సత్యవేణి తల తిప్పింది. ఆ క్షణంలోనే తెప్ప వెళ్లి బండకు కొట్టుకుంది.

"వచ్చారా? టీ పెడతానుండండి."

"నేను పెట్టుకుంటాలే. నువ్వు ఆడుకో."

"లేదండీ, అయిపోయింది." ఆమె పట్టీ తీసేసింది. బోర్డు మీది లెక్కను డస్టరుతో తుడిచినట్టు మొహంలో నవ్వు తుడుచుకుపోయింది.

పైడిరాజు తెరవైపు చూశాడు. ఆ తెప్ప అతను గీసిందే. ఆ నది, ఆ బండలు, బండలకు ముందు లేచే నురగ, అన్నీ అతని చేతి పనే.

విశాఖపట్నంలో వీడియో గేములు తయారుచేసేవాళ్లలో పైడిరాజుకు ఒక పేరుంది. ఆటకు కష్టం పెట్టడం అతని పని. గొయ్యి ఎంత వెడల్పుండాలి, శత్రువు కత్తి ఎత్తాక దించేలోపు ఎంత వ్యవధి ఇవ్వాలి, ఎన్నిసార్లు ఓడాక చిన్న ఆశ చూపాలి, ఇవన్నీ అతను ఇరవై ఏళ్లుగా చేత్తో కూర్చుకుంటూ వచ్చాడు. కొత్తగా చేరినవాళ్లకు ఒక మాట చెప్పేవాడు: "ఓడినవాడు తనను తాను తిట్టుకోవాలి గానీ ఆటను తిట్టకూడదు. దెబ్బ కొట్టేముందు చెప్పి కొట్టాలి. చెప్పి కొడితే అది కష్టం, చెప్పకుండా కొడితే అది మోసం."

సత్యవేణి హైస్కూల్లో లెక్కల టీచరు. జూన్ నెలలో వానకు హనుమంతవాక దగ్గర స్కూటీ జారి, రోడ్డు పక్కన పగిలిన అద్దం మీద పడింది. అరచేతిలో రెండు వేళ్ల నరాలు తెగాయి. నరాలంటే జనం మాట. నిజానికి తెగినవి వేళ్లను ముడిచే స్నాయువులు. డాక్టర్లు వాటిని కుట్టారు. రోజూ వేళ్లు కదిలించకపోతే బిగుసుకుపోతాయనీ, మితిమీరి కదిలిస్తే కుట్టు తెగిపోతుందనీ చెప్పి పంపారు. ఆమెకు ఆ వ్యాయామమంటే విసుగు. పది లెక్కపెట్టి వదిలేసేది.

అందుకని పైడిరాజు నెలరోజులు కూర్చుని ఆమె కోసమే తెప్ప ఆట తయారుచేశాడు. ఏ గేముకూ పెట్టనంత ప్రేమ పెట్టాడు. బండలను తేలిక చేశాడు, వడి తగ్గించాడు. మొదటిరోజు పక్కనే కూర్చుని ఆడించాడు. సత్యవేణి నాలుగు రోజులు ఆడి, "బాగుందండీ" అంటూ గ్లోవ్‌ను బీరువాలో పెట్టేసింది. ఇంకేం చెప్పలేదు. పైడిరాజు అడగనూ లేదు.

ఆ ఆటను వృథాగా పోనివ్వడం ఇష్టంలేక, రుషికొండ దగ్గర పునర్గతి అనే ప్రయోగశాలకు ఇచ్చాడు. చచ్చుబడిన చేతులకు, తెగి అతికిన చేతులకు కదలిక తెప్పించే పని అక్కడివాళ్లది. ఆట బాగోగులు చూడ్డానికి వారానికి రెండుసార్లు వెళ్లేవాడు. అక్కడ తన్మయి అనే ఇరవై తొమ్మిదేళ్ల పిల్ల, అతని ఆటకు తన యంత్రాన్ని తగిలించింది. దానికి ఆమె పెట్టుకున్న పేరు 'అంచు'.

"ఏం చేస్తుందమ్మా ఇది?" అని మొదటిరోజు అడిగాడు.

"చెప్పడం కంటే మీరే కూర్చుంటే తెలుస్తుంది సార్," అని ఆమె పట్టీ కట్టింది.

తన నదే కదా, కళ్లు మూసుకుని దాటేస్తాననుకున్నాడు పైడిరాజు. మూడో మలుపులో తెప్ప తిరగబడింది. మళ్లీ మొదలుపెట్టాడు, మళ్లీ తిరగబడింది. ఆరోసారి ఒడ్డు చేరినప్పుడు గుండె దడదడలాడుతోంది. ఇంకొక్కసారి అనుకుని కూర్చున్నాడు. తల ఎత్తేసరికి నలభై నిమిషాలు గడిచిపోయాయి.

"మూడోసారి ఓడినప్పుడు మీరు పట్టీ తీసేద్దామనుకున్నారు సార్. చెయ్యి కూడా లేచింది," అంది తన్మయి. "అంతకు రెండు శ్వాసల ముందే అది పసిగట్టింది. చెమట, కంటిపాప, వేలికీ వేలికీ మధ్య తడబాటు, మెదడులో సన్నటి అల, అన్నీ కలిపి చూస్తుంది. మనిషి వదిలేయబోయే అంచు ఎక్కడుందో దానికి తెలుసు. అక్కడిదాకా తీసుకెళ్లి, ఒక్క వెంట్రుకవాసి సడలిస్తుంది. నిజంగా అలసిపోతే తెప్పను ఒడ్డుకు చేర్చి తనే ఆట ముగిస్తుంది."

"మరి నా ఆటలో ఏం మార్చావు?"

"ఒక్క బండ కూడా మార్చలేదు సార్. ఏది ఎప్పుడు రావాలో మాత్రం అది చూసుకుంటుంది."

ఆ మాటను పైడిరాజు ఇంటిదాకా నములుతూనే వెళ్లాడు. ఇరవై ఏళ్లు తను చేత్తో, చెవితో, ఊహతో వెతుక్కున్నదాన్ని ఆ పెట్టె నలభై నిమిషాల్లో వెతికి చూపించింది. అదీ తన మీదే.

పునర్గతిలో రోగులను చూసే డాక్టర్ రంగనాయకి సలహా మీద సత్యవేణి పేరు కూడా ఆ ప్రయోగంలో చేరింది. ఆమె సంఖ్య పదిహేడు. బీరువాలో పెట్టిన గ్లోవ్‌ను మళ్లీ తీసింది. ఇప్పుడు రోజూ స్కూలు నుంచి రాగానే ఐదున్నరకు కూర్చుంటోంది. మూడు వారాల్లో చూపుడువేలు అరచేతిని తాకింది. తన పెరట్లో కాయని చెట్టుకు పక్కింటివాళ్లు నాలుగు చెంబుల నీళ్లు పోస్తే విరగకాసినట్టు ఉంది పైడిరాజుకు. చెట్టు బతికినందుకు సంతోషించాలని తెలుసు. కానీ కళ్లు చెంబు పట్టిన చేతి మీదికే పోతున్నాయి.

ఒకరోజు రాత్రి భోజనాల దగ్గర అడిగాడు. "అంత ఏముంది అందులో? నేనిచ్చినప్పుడు నాలుగు రోజులకే పక్కన పెట్టావు."

సత్యవేణి పెరుగు కలుపుకుంటూ ఆలోచించింది. "ఏమోనండీ. అది నన్ను చూసి జాలిపడదు, అలాగని ఏడిపించదు. అది అడుగుతోందంటే నా వల్ల అవుతుందనే అర్థం. ఆ నమ్మకం కుదిరింది."

ఆ 'నమ్మకం' అన్న మాట గుండెలో ముల్లులా దిగింది.

మర్నాడు ప్రయోగశాలలో, తన్మయి లేని వేళ, పైడిరాజు పదిహేడో సంఖ్య రికార్డు తెరిచాడు. రోగుల రికార్డులు తన్మయి, డాక్టరమ్మ తప్ప ఎవరూ చూడకూడదు. కానీ నది ప్రోగ్రాం అతనిదే కాబట్టి దారి అతనికి తెలుసు. సత్యవేణి ఓపిక ఒక నీలంగీతగా కనిపించింది. ఐదున్నరకు మొదలై, ఓటమి దగ్గర వంగి, మళ్లీ లేచి, పట్టుదలగా పైకి పోతోంది. ఆరు నలభైకి మాత్రం ఒక్కసారిగా కిందికి పడిపోతోంది. ఏ రోజు చూసినా అంతే.

ఆరు నలభై తను ఇల్లు చేరే వేళ.

నమ్మబుద్ధి కాక వెతికాడు. తను హైదరాబాదు వెళ్లిన రెండు రోజులూ గీత పడలేదు. తను రోజంతా ఇంట్లోనే ఉన్న ఆదివారాల్లో అసలు లేవనే లేదు. 

ఆ సాయంత్రం ఇంటికెళ్లి భార్యను ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. పైడిరాజు అడగలేదు. తనకూ భార్యకూ మధ్య ఒక పెట్టె వచ్చి కూర్చుందనీ, తనకు తెలియని సత్యవేణి దానికి తెలుసనీ, ఆ నవ్వులన్నీ అది మింగేస్తోందనీ అనుకున్నాడు. అనుకున్నకొద్దీ అదే నిజమైంది. నాలుగు రోజులు వరసగా ఓడితే ఆమె విసుగెత్తి దాన్ని పక్కన పడేస్తుంది. అప్పుడు తన దగ్గరికే వచ్చి, "ఇదేంటండీ, ఎలా దాటాలి?" అని అడుగుతుంది. ఆ అడగడం కోసం అతని ప్రాణం కొట్టుకుంది.

ప్రోగ్రాంలో ఒక్క వరుస రాశాడు. పదిహేడుకు సడలింపు వద్దు.

సోమవారం సత్యవేణి ఓడింది. మంగళవారం ఓడింది. పైడిరాజు హాల్లో పేపరు అడ్డం పెట్టుకుని చెవులు అటే పెట్టాడు. నవ్వు వినపడలేదు. కానీ ఆట ఆగిన చప్పుడు కూడా వినపడలేదు. అతను వచ్చినా ఆమె పట్టీ తీయడం మానేసింది. ఏడయింది, ఏడున్నరయింది.

"ఇక చాల్లే సత్యా, రేపు ఆడొచ్చు."

"ఉండండి. ఇంకొక్కసారి. ఎక్కడో నేనే తప్పు చేస్తున్నా."

గురువారం ఆమె ఐసుముక్కలు గుడ్డలో కట్టి అరచేతిలో పెట్టుకుంటే చూశాడు. చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. చెబితే రికార్డు తెరిచిన సంగతి చెప్పాలి, గీత సంగతి చెప్పాలి. సోమవారం ఎలాగూ ఆ వరుస తీసేద్దామని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు.

శనివారం మధ్యాహ్నం ఆమె రెండుగంటల పాటు లేవలేదు. అలసినవాళ్లను ఒడ్డుకు చేర్చేది కూడా ఆ సడలింపే. అది లేని నదికి ఒడ్డు లేదు. వంటింట్లో ఉన్న పైడిరాజుకు చిన్న కేక వినపడింది. వెళ్లేసరికి సత్యవేణి గ్లోవ్ తీసి చేతిని ఒళ్లో పెట్టుకుని చూస్తోంది.

"లోపల ఏదో తెగినట్టయిందండీ. ఉంగరం వేలు ముడుచుకోవట్లేదు."

ఏడ్వలేదు. "అది అడిగింది కదా, చేయగలననే అనుకున్నా," అంది, ఆశ్చర్యంగా.

ఆసుపత్రిలో ఆమెను లోపలికి తీసుకెళ్లాక పైడిరాజు బయట బెంచీ మీద కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచాడు. ఆ ఒక్క వరుసను చెరిపేశాడు. అది ఉన్న ఆనవాలు కూడా చెరిపేశాడు. ఇరవై ఏళ్ల అనుభవం ఆ పనికి బాగా పనికొచ్చింది.

చేతికి రెండోసారి కుట్టు పడింది. ప్రయోగం ఆగిపోయింది. ముప్ఫైమంది రోగుల దగ్గర్నుంచి పట్టీలు, గ్లోవ్‌లు వెనక్కి తెప్పించారు. పది రోజుల తర్వాత డాక్టర్ రంగనాయకి అధ్యక్షతన ముగ్గురి విచారణ సంఘం కూర్చుంది. నది ప్రోగ్రాం రాసినవాడిగా పైడిరాజునీ, గాయపడిన మనిషిగా సత్యవేణినీ పిలిచారు.

వసారాలో నూకరాజు అనే లారీ డ్రైవరు ఎదురయ్యాడు. పక్షవాతానికి ఎడమచెయ్యి పడిపోయినవాడు. "బాబూ, మా ఆట మళ్లీ ఎప్పుడు మొదలెడతారేటి? గ్లాసు ఎత్తలేనోణ్ణి స్టీరింగు దాకా వొచ్చీసేను. నెలాఖరుకి రాకపోతే బండి ఇంకోడికి ఇచ్చేత్తానన్నాడు మా ఓనరు," అన్నాడు. పైడిరాజు వినపడనట్టు లోపలికి వెళ్లిపోయాడు.

తన్మయి మొహం సున్నం కొట్టినట్టుంది. "రికార్డు అంతా చూశాను మేడమ్," అంది రంగనాయకితో. "ఆ వారం అంచు ఒక్కసారి కూడా సడలించలేదు. ఎందుకో నాకు అంతుపట్టలేదు. తయారుచేసింది నేను. బాధ్యత నాదే."

ఆ మాట వినగానే పైడిరాజు లోపల ఏదో తియ్యగా కదిలింది. సిగ్గుపడవలసిన తీపి. కానీ తీపే. ఈ గది దాటి బయటికి వెళ్లేసరికి ఆ యంత్రం ఉండదు, ఆ పిల్ల పేరు ఉండదు. మళ్లీ కష్టమంటే ఏంటో తెలిసినవాడు పైడిరాజు ఒక్కడే అవుతాడు.

"మీరేమైనా చెప్తారా?" అని రంగనాయకి సత్యవేణిని అడిగింది.

సత్యవేణి కట్టు కట్టిన చేతిని బల్ల మీద పెట్టింది. "ఆ అమ్మాయిని ఏమీ అనకండి డాక్టరు గారూ. ఇంతకుముందెప్పుడూ అది నన్ను మోసం చెయ్యలేదు. ఆ వారం దాటలేకపోతుంటే లోపం నాలోనే ఉందనుకున్నా. నన్నే తిట్టుకున్నా. నొప్పి వస్తున్నా చెప్పకపోవడం నా తప్పు."

పైడిరాజుకు తన మాటే వినపడింది. ఓడినవాడు తనను తాను తిట్టుకోవాలి. ఎంతమంది కుర్రాళ్లకు ఎంత గర్వంగా చెప్పాడు ఆ మాట! ఇప్పుడు అదే మాటను, తెగిన చేతితో కూర్చున్న తన పెళ్లాం నోట వింటున్నాడు. చెప్పకుండా కొట్టిన దెబ్బ అది. ఏ ఆటలోనూ తను చేయని మోసం ఆమెకు చేశాడు.

లేచి నిలబడ్డాడు.

"అంచు తప్పేమీ లేదు. సడలింపు ఆపింది నేను. ఒక వరుస రాశాను. తర్వాత చెరిపేశాను."

తన్మయి నోరు తెరుచుకుని చూస్తోంది.

"ఎందుకు చేశారు?" అంది రంగనాయకి.

చాలా కారణాలు వెతుక్కున్నాడు. ఒక్కటే దొరికింది.

"ఓర్వలేక," అన్నాడు.

బయట మెట్ల మీద సత్యవేణి ఆటో కోసం నిలబడింది. పైడిరాజు రెండు మెట్లు పైనే ఆగిపోయాడు. ఆమే అడిగింది, వెనక్కి తిరగకుండా.

"దేనికి ఓర్వలేక?"

గీత సంగతి చెప్పాడు. ఆరు నలభై సంగతి, ఆదివారాల సంగతి చెప్పాడు.

"అడిగితే చెప్పేదాన్ని కదండీ," అంది సత్యవేణి. "నేను తప్పు చెయ్యబోయే ముందే మీ మొహంలో తెలిసిపోతుంది. తెర మీద కంటే ముందు మీ మొహంలోనే బండ కనిపిస్తుంది నాకు. స్కూటీ నేర్పినప్పుడూ అంతే, వంటింట్లో ఉప్పు వేసేటప్పుడూ అంతే. మీరు ఒక్క మాట అనరు. కానీ మొహం ముడుచుకుంటుంది. మీ ముందు ఓడిపోవడం కష్టమండీ నాకు. ఆట ముందు ఓడిపోవడం కష్టం కాదు."

ఆటో వచ్చింది. ఎక్కి కూర్చుని, "మీరు వెనకాల బస్సులో రండి," అంది.

పునర్గతి అతన్ని తీసేసింది. సంగతి తెలిసి అతను పనిచేసే గేముల కంపెనీవాళ్లు కూడా రాజీనామా అడిగారు. ద్వారకానగర్‌లో ఒక యానిమేషన్ ఇన్‌స్టిట్యూట్‌లో పిల్లలకు పాఠాలు చెప్పే పని దొరికింది. సడలింపు మీద బయటివాళ్లెవరూ చెయ్యి వెయ్యలేకుండా తన్మయి అంచును మళ్లీ రాయడానికి మూడునెలలు పట్టింది. అప్పటికి నూకరాజు చెయ్యి మళ్లీ చచ్చుబడింది, లారీ వేరేవాడికి పోయింది. పైడిరాజు అతని ఇల్లు వెతుక్కుంటూ కంచరపాలెం వెళ్లి జరిగింది చెప్పాడు. నూకరాజు అంతా విని, "మీ ఆడమనిసి నవ్విందని నా సెయ్యి ఆపీసేరా బాబూ?" అన్నాడు. కూర్చోమని అనలేదు.

సత్యవేణి ఇల్లు వదిలి వెళ్లలేదు. వెళ్తుందేమోనని అతను రెండునెలలు భయపడ్డాడు. అన్నం పెట్టేది, స్కూలు సంగతులు నాలుగు ముక్కలు చెప్పేది. ఎడమచేత్తో బోర్డు మీద రాయడం నేర్చుకుంది. ఉంగరం వేలు మాత్రం సగానికే ముడుచుకుంటోంది, ఇక అంతేనన్నారు డాక్టర్లు. ప్రయోగం మొదలయ్యాక ఆమె మళ్లీ పట్టీ కట్టుకుంది. ఆ గంటసేపు పైడిరాజు ఇంట్లో ఉండకూడదు. అది ఆమె పెట్టిన షరతు.

రోజూ ఆ గంట అతను ఎంవీపీ కాలనీ రోడ్ల వెంట నడిచేవాడు. ఇప్పుడు నవ్వుతూ ఉంటుంది, ఇప్పుడు తిడుతూ ఉంటుంది అనుకుంటూ నడిచేవాడు. అసూయ పోలేదు. ముసలి కుక్కలా కాళ్ల పక్కనే నడిచేది. కానీ దాని తాడు ఇప్పుడు తన చేతిలో ఉందని అతనికి తెలుసు.

మార్చిలో ఒక ఆదివారం పొద్దున్న అతను చెప్పులు వేసుకుంటుంటే సత్యవేణి పిలిచింది. "ఇవాళ ఎండగా ఉంది. వెళ్లకండి. ఇటు రండి."

ఆమె పక్కనే కుర్చీ లాగి ఉంది. పైడిరాజు కూర్చున్నాడు. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తెరవైపే చూశాడు. తెప్ప మూడో మలుపు దాటింది. అక్కడ నది రెండు పాయలుగా చీలింది. ఆ చీలిక అతను ఎప్పుడూ గీయలేదు. తన్మయి కొత్తగా రాసిన అంచు, ఆమె చేతిని బట్టి, ఆమె కోసం చీల్చిన పాయలు అవి.

"ఎటు వెళ్లమంటారు?" అంది సత్యవేణి, కళ్లు తిప్పకుండా.

అతను నురగ కోసం చూశాడు, నీటి రంగు కోసం చూశాడు. ఏమీ పోల్చుకోలేకపోయాడు.

"నాకు తెలీదు సత్యా."

"నిజంగానా?"

"ఒట్టు. నిజంగానే తెలీదు."

ఆమె ఒక్క క్షణం అతని మొహంలోకి చూసింది. అక్కడ ఏ బండా కనిపించలేదు కాబోలు, కుడిపాయలోకి తిప్పింది. నాలుగు బారలు కూడా పోకుండానే తెప్ప తలకిందులైంది. సత్యవేణి పకపకా నవ్వింది.

ఆ నవ్వు నదిని చూసా, తనను చూసా అని అడగాలనిపించింది పైడిరాజుకు. అడగలేదు. ఆమె ముడుచుకోని వేలిని ఎడమచేత్తో సర్దుకుని, తెప్పను మళ్లీ నీళ్లలోకి దింపింది. ఈసారి రెండో పాయవైపు.